ఈ రాత్రే పంపాలా, తెల్లారాక చూద్దామా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, అదీ ఇంత ఎండలో, పిల్లల జ్వరాల గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. గ్రంథాలయం వాళ్ళు ఫోన్ చేసి "ఏదైనా సైన్సు విషయం చెప్పండి సార్, మాకు అర్థమయ్యేట్టు చెప్పండి చాలు" అన్నారు. ముందు వరుసలో ఆశా అక్కలున్నారు. వెనకాల ఇద్దరు ముగ్గురు ఆర్‌ఎంపీలు కనిపిస్తున్నారు. టీచర్లు, పిల్లల్ని చంకనేసుకొచ్చిన తల్లులు కూడా ఉన్నారు. అందుకని అందరికీ పనికొచ్చే ప్రశ్న ఒక్కటే పట్టుకుంటాను. జ్వరంతో వచ్చిన పిల్లాడు రేపటికి ఎలా ఉంటాడో ఈ రాత్రే చెప్పగలమా?

పెద్ద నగరంలో డాక్టరుకు ఈ ప్రశ్నతో అంత పని పడదు. పిల్లాడికి బాగోలేకపోతే లిఫ్టులో పై అంతస్తుకు పంపిస్తాడు, అక్కడ ఐసీయూ ఉంటుంది. మనకు ఐసీయూ గుంటూరులో ఉంటుంది. మార్కాపురం నుంచి మూడు గంటల దారి. కాబట్టి మన దగ్గర ఈ ప్రశ్న ఇంకోలా వినిపిస్తుంది: ఈ రాత్రే పంపాలా, తెల్లారాక చూద్దామా?

నేను ఒకసారి తెల్లారాక చూద్దామనుకున్నాను. ముందు అదే చెప్తాను.

2021 జూన్ నెలాఖరు. సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లాడిని తీసుకొచ్చారు. ఐదు రోజులుగా జ్వరం, కడుపునొప్పి, వాంతులు. పేరు చెప్పను, బాబు అందాం. అప్పటికే ఇంకో చోట అపెండిక్స్ అని అనుమానపడి స్కానింగ్ తీయించారు. అపెండిక్స్ బాగానే ఉంది, పేగుల చుట్టూ గ్రంథులు వాచాయి, పొట్టలో కాస్త నీరు చేరింది అని రిపోర్టు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు. పెదాలు పగిలి ఉన్నాయి. ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు. వానలు మొదలయ్యాయి, దోమలు మొదలయ్యాయి, నా బుర్రలో డెంగీ కూర్చుంది. డెంగీని పట్టే ఎన్ఎస్1 పరీక్ష నెగెటివ్ వచ్చినా అది కదల్లేదు, ఎందుకంటే ఐదో రోజుకల్లా ఆ పరీక్ష నెగెటివ్ రావడం మామూలే. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, సీఆర్‌పీ, చేయించాను. 18 అని చీటీ వచ్చింది. పెద్ద ఎక్కువేం కాదులే అని పక్కన పెట్టాను. డెంగీ లెక్కన సెలైన్ పెట్టి, పొద్దున మళ్ళీ ప్లేట్‌లెట్లు చూద్దామని ఇంటికెళ్ళాను.

రాత్రి పదకొండింటికి నర్సు ఫోన్. "వాళ్ళమ్మ మిమ్మల్ని రమ్మని గొడవ చేస్తోంది సార్." వెళ్ళాను. ఆమె పిల్లాడి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. "ఒళ్ళు చూస్తే కాలిపోతా ఉంది. కాళ్ళు చూస్తే ఐసు ముక్కల్లా ఉన్నాయి. ఇదేంది సార్?" అంది.

పాదం పట్టుకున్నాను. బొటనవేలు గోరు గట్టిగా నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో రంగు రావాలి. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాటాక వచ్చింది. నాడి 148. సాయంత్రం ఆరింటికి నర్సు రాసింది 124. బీపీ పై అంకె 84. పిల్లల బీపీకి ఒక నోటిలెక్క ఉంది: వయసును రెండు పెట్టి హెచ్చవేసి 70 కలపండి, అంతకంటే తగ్గకూడదు. ఎనిమిదేళ్ళకు 86 వస్తుంది. మనవాడు దాని కిందకు జారాడు.

అప్పుడు ఆ సీఆర్‌పీ చీటీ మళ్ళీ తీశాను. మేం ఎప్పుడూ పంపే ల్యాబు ఆ రోజు మూసేసి ఉంటే ఇంకో చోటికి పంపాం. రోజూ నేను చూసే అంకె లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని. ఈ చీటీలో అంకె పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో, డెసీలీటరుకు అని ఉంది. డెసీలీటరంటే లీటరులో పదో వంతు. అంటే నాకు అలవాటైన లెక్కలో అది 18 కాదు, 180. డెంగీలో సీఆర్‌పీ అంత పైకి పోవడం అరుదు. ల్యాబు వాళ్ళు సరిగ్గానే రాశారు. చదవడం నాదే తప్పు. ఆ తప్పుకు ఐదు గంటలు పోయాయి. పైగా ఆ ఐదు గంటలూ సెలైన్ ధారాళంగా ఎక్కించాం. గుండె నీరసపడ్డ పిల్లాడికి నీళ్ళెక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఊపిరి అప్పటికే నిమిషానికి నలభై దాటింది.

పన్నెండున్నరకు అంబులెన్సు ఎక్కించాం. తెల్లవారుజామున గుంటూరులో ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే గుండె పంపింగ్ 38 శాతం. మామూలుగా 55 పైన ఉండాలి. అప్పటికి అర్థమైంది, ఇది డెంగీ కాదు. నెల కిందట ఇంటిల్లిపాదికీ వచ్చిపోయిన కోవిడ్, ఈ పిల్లాడి దగ్గర ఒక పని మిగుల్చుకుని మళ్ళీ వచ్చింది.

ఈ జబ్బుకు పేరు ఎంఐఎస్-సీ. మాటల్లో మిస్-సీ అంటాం. పిల్లల్లో ఒకేసారి చాలా అవయవాలకు వాపు రావడం అన్నమాట. వైరస్ సోకిన రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య వస్తుంది. "నెల కిందట తగ్గిపోయిన జబ్బు ఇప్పుడెలా వస్తుంది సార్?" అని చాలామంది అడుగుతారు. గుండ్లకమ్మ చూసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. మన ఊళ్ళో ఎండ కాస్తుంటుంది, వాగు మాత్రం పొంగుతుంది. వాన పడింది నల్లమలలో, పడిందీ నిన్న. ఇక్కడ పొంగేది వైరస్ కాదు, వైరస్ మీదికి లేచిన మన సొంత రక్షణ వ్యవస్థ. అది సద్దుమణగకుండా గుండె, పేగులు, రక్తనాళాలు, చర్మం అన్నిటి మీదా పడుతుంది.

మొదట గుర్తుపట్టింది 2020 ఏప్రిల్‌లో. లండన్‌లో పది రోజుల్లో ఎనిమిది మంది పిల్లలు షాకుతో, అంటే బీపీ పడిపోయి ఒంటికి రక్తం అందక, ఐసీయూకు చేరారు. ఇటలీలో బెర్గామో అని, కోవిడ్‌కు అతలాకుతలమైన ఊరు, అక్కడి పిల్లల డాక్టర్లు లెక్క తీస్తే, కవాసాకీ లాంటి జబ్బు, అంటే పిల్లల రక్తనాళాలు వాచే జబ్బు, అంతకు ముందు ఐదేళ్ళలో 19 మందికి వస్తే, ఇప్పుడు రెండు నెలల్లోనే 10 మందికి వచ్చింది. మన పక్కనే చెన్నైలో కూడా ఆ తొలి నెలల్లోనే ఎనిమిదేళ్ళ బాబుకు ఇలాంటి జబ్బు వచ్చి కోలుకున్న కేసు ఇండియన్ పీడియాట్రిక్స్‌లో అచ్చయింది. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది.

కవాసాకీ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి ఆయన గురించి కాస్త చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన డాక్టరు. తొమిసాకు కవాసాకీ టోక్యోలో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. 1961 జనవరిలో నాలుగేళ్ళ బాబు వచ్చాడు. జ్వరం, ఎర్రటి కళ్ళు, పగిలిన పెదాలు, ఒంటి మీద దద్దుర్లు. ఏ పుస్తకంలోనూ లేదు. తెలియలేదని రాసుకుని ఊరుకోలేదు, అలాంటి పిల్లలు ఇంకా వస్తే దాచి పెట్టుకున్నాడు. ఆరేళ్ళకు యాభై మంది పోగయ్యారు. 1967లో జపనీస్‌లో ప్రచురించాడు. ఆయన 2020 జూన్ 5న, 95 ఏళ్ళకు పోయారు. తన జబ్బుకు చెల్లెలు లాంటి జబ్బు ఒకటి పుట్టిందని ప్రపంచమంతా ఆయన పేరు తలుచుకుంటున్న రోజులవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ముందే చెప్పడం అంటే ఏమిటి? చాలామంది అడిగేది: "కోవిడ్ వచ్చిన పిల్లల్లో ఎవరికి ఇది వస్తుందో ముందే పరీక్ష చేసి చెప్పరాదా?" బోర్డు లేదు గానీ నోటితోనే లెక్క చేద్దాం. అమెరికాలో 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా చూస్తే, 21 ఏళ్ళ లోపు వాళ్ళలో ప్రతి పది లక్షల ఇన్ఫెక్షన్లకు 316 మందికి మిస్-సీ వచ్చింది. అంటే దరిదాపు మూడు వేల మందిలో ఒకరికి. నా దగ్గర ఒక బ్రహ్మాండమైన పరీక్ష ఉందనుకోండి, నూటికి 95 సార్లు సరిగ్గా చెప్తుంది, ఐదుసార్లే తప్పు. మూడు వేల మంది పిల్లలకు చేశాను. జబ్బు రాబోయే ఆ ఒక్కడినీ పట్టుకుంటుంది. బాగుంది. కానీ మిగతా వాళ్ళలో నూటికి ఐదుగురి చొప్పున, అంటే 150 మంది తల్లులతో "మీ వాడికి ప్రమాదం" అని చెప్తుంది. ఆ 150 ఇళ్ళలో ఆరు వారాలు టెన్షన్. అందుకే ఆరోగ్యంగా తిరుగుతున్న పిల్లల మీద ఇలాంటి జోస్యం పనికిరాదు. పరీక్ష చెడ్డది కాదు, జబ్బు అరుదుది.

ఒమిక్రాన్ వచ్చాక ఇది ఇంకా బాగా తగ్గింది. టీకా కూడా కాపాడింది. 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళలో ఫైజర్ రెండు డోసులు మిస్-సీని 91 శాతం అడ్డుకున్నాయని అమెరికా లెక్క. మన పిల్లలకు వేసినవి వేరు, హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్, కోర్బెవాక్స్. ఆ 91ని తీసుకొచ్చి వీటికి అంటించకూడదు.

కాబట్టి జోస్యం అడగాల్సిన చోటు వేరు. జ్వరంతో మంచమెక్కి, వాపు జబ్బు అని అనుమానం వచ్చిన పిల్లల్లో ఎవరు రెండు రోజుల్లో తేరుకుంటారు, ఎవరు షాకులోకి జారతారు? ఇక్కడ పదిమందిలో ఐదారుగురికి నిజంగానే ఏదో ఒకటి కావచ్చు. ఇక్కడ పరీక్షకు విలువ ఉంటుంది.

దీనికి కవాసాకీ జబ్బులో ఒక పాత దారి ఉంది. కొబయాషీ స్కోరు అంటారు, జపాన్‌లో 2006లో తయారైంది. ఐవీఐజీ అనే యాంటీబాడీల మందుకు లొంగని పిల్లలెవరో ముందే చెప్పడానికి. రక్తంలో సోడియం 133 లేదా అంతకు తక్కువా? రెండు మార్కులు. లివరు ఎంజైము ఏఎస్‌టీ వంద లేదా అంతకు ఎక్కువా? రెండు. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి నూటికి ఎనభై లేదా అంతకు ఎక్కువా? రెండు. జ్వరం మొదలైన నాలుగు రోజుల్లోపే మందు పెట్టాల్సి వచ్చిందా? ఇంకో రెండు. సీఆర్‌పీ, ప్లేట్‌లెట్లు, ఏడాది లోపు వయసు, వీటికి ఒక్కొక్కటి. మొత్తం 11. నాలుగు, అంతకు మించి వస్తే జాగ్రత్త. చూశారా, ఇందులో ఏ గొప్ప పరీక్షా లేదు. అన్నీ మన ల్యాబుల్లో దొరికేవే. జపాన్‌లో ఇది పనిచేసింది. ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలకు మొదటి రోజే స్టెరాయిడ్ కలిపి ఇస్తే గుండె రక్తనాళాల ఉబ్బులు తగ్గాయని 2012లో తేలింది కూడా.

ఆ స్కోరును ఓడెక్కించి అమెరికా తీసుకెళ్ళారు. అక్కడ మందుకు లొంగని పిల్లల్లో మూడింట ఒక వంతునే పట్టుకుంది. మిగతా రెండు వంతులూ జల్లెడలోంచి జారిపోయారు.

ఎందుకంటారా? భద్రాచలంలో గోదావరి 43 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. టీవీలో చూసి చూసి మన పిల్లలక్కూడా నోటికొచ్చు. అదే నది, అదే నీళ్ళు, ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే. భద్రాచలం అంకె పట్టుకుని ధవళేశ్వరంలో కూర్చుంటే కోనసీమ మునిగిపోయాక కూడా మనం గంట కొట్టం. కొలబద్ద తప్పు కాదు. అది ఆ ఒడ్డుకు కొట్టిన కొలబద్ద. పిల్లల జన్యువులు వేరు, ఆసుపత్రికి వచ్చే రోజు వేరు, ముందు వాడిన మందులు వేరు. మన దగ్గరైతే ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు పడ్డాకే నా దగ్గరికి వస్తారు. వెనక కూర్చున్న అన్నలు ఏమీ అనుకోకండి, మీరు లేకపోతే చాలామంది అసలే రారు.

మిస్-సీకి కూడా ఇలాంటి ఆనవాళ్ళు వెతికారు. అమెరికాలో 1,080 మంది పిల్లల రికార్డులు పరిశీలించి 2021లో ప్రకటించారు. ఐదేళ్ళ లోపు వాళ్ళకంటే ఆరేళ్ళు దాటినవాళ్ళు ఎక్కువగా ఐసీయూకు వెళ్ళారు. కడుపునొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళు ఎక్కువగా వెళ్ళారు. రక్తంలో సీఆర్‌పీ, వాపును చూపే ఫెరిటిన్, రక్తం గడ్డకట్టడాన్ని చూపే డీ-డైమర్, గుండె దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్, బీఎన్‌పీ పెరిగినవాళ్ళు, ప్లేట్‌లెట్లు, లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గినవాళ్ళు ఎక్కువగా వెళ్ళారు. మా బాబును ఈ జాబితా ముందు నిలబెట్టండి. ఎనిమిదేళ్ళు, కడుపునొప్పి, తగ్గిన ప్లేట్‌లెట్లు, 180 సీఆర్‌పీ. అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ నా కళ్ళముందే ఉంది, నేను డెంగీ అనే దారానికి గుచ్చాను.

కానీ ఈ పరిశోధనల్లో నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తీవ్రత అంటే ఏమిటి? చాలా చోట్ల "ఐసీయూలో చేరాడు" అంటే తీవ్రం, చేరకపోతే కాదు. అమెరికాలో 2020లో 186 మంది పిల్లల మీద వచ్చిన మొదటి పెద్ద నివేదికలో ఎనభై శాతం ఐసీయూలో ఉన్నారు. మొత్తం 186 మందిలో వెంటిలేటరు మీదికి వెళ్ళింది ఇరవై శాతం. చనిపోయింది నలుగురు. మరి వెంటిలేటరూ బీపీ మందూ అక్కర్లేనివాళ్ళు ఐసీయూకు ఎందుకు వెళ్ళారు? కొత్త జబ్బు, భయం, పైగా పడక ఖాళీగా ఉంది. డాక్టరు ఎంత ధైర్యవంతుడు, పడకలు ఎన్ని, ఇన్సూరెన్సు ఉందా, ఇవన్నీ ఆ "తీవ్రత" అనే మాటలో కలిసిపోయాయి. కంప్యూటరుకు అది నేర్పిస్తే అది జబ్బును నేర్చుకోదు, ఆ ఆసుపత్రి అలవాట్లను నేర్చుకుంటుంది. మా ఆసుపత్రి రికార్డు దానికి ఇస్తే ఇంకా నవ్వొస్తుంది: ఇక్కడ ఐసీయూలో చేరిన పిల్లలు సున్నా. అంటే మా ఊళ్ళో ఎవరికీ జబ్బు ముదరలేదన్నమాట!

అందుకే నా లెక్కలో తీవ్రతంటే రెండే. బీపీ నిలబెట్టడానికి మందు పెట్టాల్సి వచ్చిందా, గుండె పంపింగ్ తగ్గిందా. ఇవి ఏ ఊళ్ళో అయినా ఒకటే.

కంప్యూటరు మాటొచ్చింది కాబట్టి, కృత్రిమ మేధ సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్, 2021లో ప్రీవెయిల్ కిడ్స్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టి ఎనిమిది పరిశోధనలకు డబ్బు ఇచ్చింది. జన్యువులు, రక్తంలోని గుర్తులు, ఆసుపత్రి రికార్డులు అన్నీ కలిపి ఏ పిల్లాడికి ముదురుతుందో చెప్పే పద్ధతి కనిపెట్టమని. శాన్ డియేగోలో ఇంకో బృందం 2022లో కిడ్‌మ్యాచ్ అనేదాన్ని ప్రకటించింది. ఇది తీవ్రత చెప్పేది కాదు. జ్వరంతో వచ్చిన పిల్లాడిది మిస్-సీనా, కవాసాకీనా, మామూలు జ్వరమా అని విడదీస్తుంది. దానికి నేర్పింది దాదాపు 1,500 మంది పిల్లలతో. అందులో మిస్-సీ పిల్లలు 69 మందే. అరుదైన జబ్బుతో వచ్చే తిప్పలు ఇవి, ఆకలి కొండంత, అన్నం గుప్పెడు.

ఐనా ఆ యంత్రంలో ఒకటి నాకు నచ్చింది. తాను చూసిన పిల్లలెవరితోనూ పోలిక లేని పిల్లాడు వస్తే అది సమాధానం చెప్పదు, పక్కన పెడుతుంది. నాకు తెలియదు అని చెప్పడం మనుషులకే కష్టం. ఆ రాత్రి నాకు నేను ఆ మాట చెప్పుకుని ఉంటే బాబును ఆరింటికే పంపేవాడిని.

జబ్బు మూలం కూడా కొద్దికొద్దిగా తెలుస్తోంది. 2024లో శాన్ ఫ్రాన్సిస్కో శాస్త్రవేత్తలు చూపించారు: మిస్-సీ వచ్చిన పిల్లల్లో మూడింట ఒక వంతు మందిలో యాంటీబాడీలు వైరస్‌లోని ఒక ముక్కతోపాటు మన ఒంట్లోనే ఉన్న ఎస్ఎన్ఎక్స్8 అనే ప్రొటీన్‌ను కూడా పట్టుకుంటున్నాయి. దొంగకూ ఇంటల్లుడికీ ఒకే రకం చొక్కా ఉంటే ఏమవుతుందో అదే. కొద్దిమందిలో పుట్టుకతోనే ఒకే రక్షణ దారికి చెందిన జన్యువుల్లో లోపం ఉందని అంతకు ముందు ఏడాది తేలింది, 558 మందిని వెతికితే ఐదుగురిలో. ఇవి రేపటి పరీక్షలకు పునాదులు. ఈ రాత్రి నాకు పనికిరావు.

ఈ రాత్రి పనికొచ్చేది ఏమిటంటే, 2021 జూన్‌లో మన కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన పద్ధతి. చిన్న ఆసుపత్రిలో చేయగలిగినవే మొదటి మెట్టు. సీఆర్‌పీ డెసీలీటరుకు 5 దాటడం, లేదా వాపును చూపే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్ 40 దాటడం. దానికి తోడు, లింఫోసైట్లు వెయ్యి లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు, సోడియం 135 లోపు, న్యూట్రోఫిల్స్ పెరగడం, రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం, వీటిలో ఒక్కటైనా. అప్పుడు రెండో మెట్టు, ఎకో, ట్రోపోనిన్ వగైరా. ఆ రెండో మెట్టు పరీక్షల రక్తం మా దగ్గరి నుంచి బయటికి వెళ్ళి, రిపోర్టు మర్నాటి సాయంత్రానికి వస్తుంది. కాబట్టి మాకు రెండో మెట్టంటే అంబులెన్సే. దయచేసి సీఆర్‌పీ రాసేటప్పుడు పక్కన యూనిట్ రాయండి. అన్నలూ, ఇది మీకు కూడా.

ఇంకో చిక్కు. పాత కోవిడ్ యాంటీబాడీలు ఉన్నాయా అని చూడటం మొదట్లో ఒక ఆధారం. 2021 జూన్, జూలైల్లో దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సర్వే చేస్తే 6 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. సగానికి పైగా పిల్లలకు ఉన్నది ఇక దేనికి ఆనవాలు? అదే సమయంలో డెంగీ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్ అన్నీ తిరుగుతుంటాయి. టోక్యో స్కోరుకు, అమెరికా కంప్యూటరుకు మన స్క్రబ్ టైఫస్ పురుగుతో పరిచయం లేదు.

మందుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరికి ముదురుతుందో తెలిస్తే ఎవరికి ఏది పెట్టాలో తెలుస్తుంది. ఐవీఐజీ అంటే వేలమంది రక్తదాతల ప్లాస్మాలోంచి తీసిన యాంటీబాడీలు. కిలోకు రెండు గ్రాములు. మా బాబు 22 కిలోలు, 44 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలు తొమ్మిది. వాళ్ళ నాన్న పొద్దున్నే ఆడవాళ్ళ మెడలో బంగారం తీసుకుని బ్యాంకుకు వెళ్ళాడు. స్టెరాయిడ్ చవక. రెండూ కలిపి ఇవ్వాలా, ఒకటి చాలా? సరిగ్గా మా బాబు వచ్చిన నెలలోనే ఒకే అమెరికన్ వైద్య పత్రికలో రెండు పెద్ద పరిశీలనలు వచ్చాయి. 518 మంది పిల్లల్ని చూసిన ఒకటి, రెండూ కలిపితే గుండె ఇబ్బంది తగ్గుతుందంది. 614 మందిని చూసిన రెండోది, స్పష్టమైన తేడా కనిపించలేదంది. ఎక్కువ జబ్బుగా ఉన్న పిల్లలకే ఎక్కువ మందులు ఇస్తారు గదా, ఆ ముడి విప్పడం అంత తేలిక కాదు.

ఆ తర్వాత మా ఆసుపత్రిలో ఒక కాగితం పెట్టాం. మూడు రోజులు దాటిన జ్వరంతో చేరిన ప్రతి పిల్లాడి మంచానికీ ఒకటి. రెండు గంటలకోసారి నాడి, ఊపిరి, బీపీ, పాదాలు వేడా చల్లనా, గోరు నొక్కితే ఎన్ని సెకన్లు, మూత్రం ఎప్పుడు పోశాడు. ఒక్క అంకె చూసి భయపడొద్దని నర్సులకు చెప్తాను. 124 నుంచి 148కి ఎంతసేపట్లో ఎక్కింది, అది చూడండి. ఏటి దగ్గర నీటిమట్టం చూసే లస్కరు కూడా నీళ్ళు ఎంత ఉన్నాయని కాదు, గంటకు ఎంత ఎక్కుతున్నాయని చూస్తాడు. జ్వరం ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితే నాడి పది దాకా పెరగడం సహజం. పారాసిటమాల్‌తో జ్వరం దిగి నాడి దిగకపోతే అది జ్వరం నాడి కాదు.

ఇది మా కనిపెట్టుడేం కాదు. పిల్లల హెచ్చరిక స్కోర్లు పెద్ద ఆసుపత్రుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. నిజాయితీగా చెప్పాలంటే, ఏడు దేశాల్లో 21 ఆసుపత్రుల్లో అలాంటి స్కోరు పెట్టి చూస్తే మరణాలు తగ్గలేదని 2018లో తేలింది. స్కోరు కాగితం మీద ఉంటే సరిపోదు. అర్ధరాత్రి నర్సు ఫోన్ చేస్తే విసుక్కోని డాక్టరుండాలి.

మా కాగితంలో చివరి గడి మాత్రం మాది. "అమ్మ ఏమంటోంది?" అని ఉంటుంది. నర్సులు మొదట నవ్వారు. ఇప్పుడు రాస్తున్నారు. "నిన్నటి కంటే మాట తగ్గింది అంటోంది." "నన్ను గుర్తుపట్టనట్టు చూస్తున్నాడంటోంది." ఇవి ఏ ల్యాబులోనూ దొరకవు. ఆశా అక్కలు ఇంటికెళ్ళినప్పుడు కూడా ముందు అడగాల్సింది ఇదే.

బాబు సంగతి చెప్పనే లేదు. మూడో రోజుకు బీపీ మందు ఆపారు. పన్నెండో రోజున ఇంటికొచ్చాడు. ఈ జబ్బులో గుండె తొందరగానే కోలుకుంటుంది. అమెరికా పిల్లల్లో పంపింగ్ తగ్గినవాళ్ళలో 91 శాతం మందికి నెల రోజుల్లో మామూలైంది. వీడికీ నెలన్నరకు ఎకో మామూలుగా వచ్చింది. రిపోర్టు చూపించడానికి వాళ్ళమ్మ వచ్చింది, చంకలో చిన్నోడు. "వీడికి కూడా వస్తదా సార్?" అంది. చాలా అరుదమ్మా, రాదులే, కానీ జ్వరమొస్తే మాత్రం కాళ్ళు తాకి చూడు, చల్లగా ఉంటే ఏ టైమైనా సరే ఫోన్ చెయ్యి అన్నాను.

"కాళ్ళ సంగతి మీరు నాకు చెప్తన్నారా సార్?" అంది.